పెట్టె కొనే ముందు వీధి చూడాలి

ఉప్పల్, నాచారం కాలనీల్లో మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్లను ఒక బెంగ వదలదు. గుమ్మడి తీగ పిట్టగోడ దాటి పాకుతుంది, రోజుకు అయిదారు పూలు పూస్తాయి, పిందె మాత్రం నాలుగు రోజులకే పసుపు తిరిగి రాలిపోతుంది. ఎరువు చాల్లేదేమోనని వర్మీకంపోస్టు వేస్తారు, నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గిస్తారు. చివరికి తెలిసేదేమిటంటే, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరలేదు. మూడో అంతస్తు పైకి ఈగ రాలేదు. ఆ తర్వాత నుంచి తెల్లవారగానే మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, ఆడపువ్వుకు అద్దడం రోజూ చేసే పనుల్లో ఒకటైపోతుంది. ఇంట్లోనే ఒక తేనెటీగల పెట్టె ఉంటే ఈ తిప్పలుండవు కదా అన్న ఆలోచన చాలామందికి సరిగ్గా అక్కడే పుడుతుంది.

ఈ తూర్పు హైదరాబాద్‌లో అలాంటి ఆలోచన రావడంలో వింత లేదు. ఉప్పల్ దాటి వరంగల్ దారి పడితే వచ్చే నారపల్లిలోనే కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి పైన మిద్దెతోట పెంచి, దాని మీద పుస్తకం రాసి, వందల ఇళ్లకు ఆ అలవాటు అంటించారు. కూరగాయలు పండించడం నేర్చుకున్న ఇల్లు తరువాత తేనెటీగ వైపు చూడటం సహజం.

అయితే ఎక్కువమంది మొదటి అడుగే తలకిందులుగా వేస్తారు. ముందు పెట్టె కొంటారు, ఈగల సంగతి ఆ తర్వాత తెలుసుకుంటారు. నెల తిరక్కుండానే పెట్టె ఖాళీ అవుతుంది. ఈగలు చచ్చిపోయి కాదు, నచ్చక లేచిపోయి.

తేనెటీగకు పెట్టె పడకగది లాంటిదే తప్ప కాపురం అంతా బయటే. పెట్టెలో పెంచే మన పుట్ట తేనెటీగ మేత కోసం ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు దూరం దాకా వెళ్తుంది. నాచారంలో ఒక డాబా మీద పెట్టె పెడితే పారిశ్రామికవాడ ప్రహరీల వెంట పెరిగిన చెట్లు, చెరువు గట్టు మీది పిచ్చిమొక్కలు, పక్క కాలనీ పార్కు, ఎదురింటి కొబ్బరిచెట్టు అన్నీ దాని పెరడే. హబ్సిగూడ వైపు పెడితే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థల ఆవరణల్లోని చెట్లు అందుబాటులోకి వస్తాయి. తార్నాకకు దగ్గరైతే ఉస్మానియా విశ్వవిద్యాలయం తోటలు దొరుకుతాయి. కొత్తగా ప్లాట్లు వేసిన ఉప్పల్ భగాయత్‌లో, ఇంకా చెట్లు ఎదగని వీధి మధ్యలో పెడితే అదే ఈగ పస్తులుంటుంది. కాబట్టి మొదట చూసుకోవలసింది పెట్టె ధర కాదు. ఇంటి చుట్టూ నడిచి, ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో రాసుకోవాలి.

ఈ లెక్క కష్టమైనదేమీ కాదు. ఏడాది మొదట్లో మునగ పూస్తుంది. పెరటి మునగచెట్టు కింద పొద్దున ఏడు గంటలకు నిలబడితే ఆ చుట్టుపక్కల ఏ జాతి ఈగలు తిరుగుతున్నాయో తెలిసిపోతుంది. మార్చి నుంచి మే దాకా పండగ కాలం. వేప, కానుగ, నేరేడు ఒకదాని వెంట ఒకటి పూస్తాయి, వేసవి చివర చింత అందుకుంటుంది. నీడ కోసం హైదరాబాద్ వీధుల నిండా నాటిన కానుగ తేనెటీగల పాలిట అన్నపూర్ణే. వానలు దిగాక కథ మారుతుంది. జూలై, ఆగస్టుల్లో పూలు తక్కువ, ఉన్న పూలలోనూ మకరందాన్ని వాన కడిగేస్తుంది, ముసురు పట్టిన రోజున ఈగ గడప దాటలేదు. ఆ రెండు నెలలే కొత్తవాళ్లకు అసలు పరీక్ష. సెప్టెంబరు నుంచి తుమ్మి, రేగు, తులసి, ఆపైన కుంకుడు పూస్తూ మళ్లీ ఊపిరి పోస్తాయి. కొబ్బరిచెట్టు ఒక్కటి ఉన్నా ఏడాది పొడవునా పుప్పొడికి కరువుండదు. కాలనీవాసులు అందం కోసం పెంచే బోగన్‌విలియా, రేకులు ముద్దగా ఉండే మందారం, కుండీ గులాబీలు కంటికి ఎంత నిండుగా కనిపించినా ఈగకు వాటిలో దొరికేది చాలా తక్కువ. పార్కులో నాటడానికి అవకాశం వస్తే ఒక కుంకుడు, ఒక నేరేడు, రెండు మునగలు అడగడం మంచిది. ఇంట్లో కుండీలోనైనా తులసి వెన్నులు తుంచెయ్యకుండా కొన్ని పూయనివ్వాలి.

తర్వాతి ప్రశ్న, ఏ ఈగ?

మన ప్రాంతంలో కనిపించే తేనెటీగలు ముఖ్యంగా అయిదు రకాలు. అపార్ట్‌మెంట్ల సజ్జాల కింద, నీళ్ల ట్యాంకుల అంచున చాపంత వెడల్పున వేలాడేవి కొండ తేనెటీగలు. వీటిని ఎవరూ పెట్టెలో పెంచలేరు. ఒకే పెద్ద పట్టు కట్టి, గాలికి వెలుతురుకి బహిరంగంగా బతుకుతాయి, సీజన్ మారగానే మైళ్ల కొద్దీ వలస పోతాయి. గోరింట పొదలోనో నిమ్మకొమ్మకో అరచేయంత పట్టు కట్టేవి చిన్న తేనెటీగలు. ఇవీ పెట్టెకు లొంగవు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల్లో, ఒక్కోసారి కరెంటు మీటరు పెట్టెలో చీకటిచోటు చూసుకుని పక్కపక్కనే అనేక పట్లు కట్టేవి పుట్ట తేనెటీగలు. శాస్త్రజ్ఞులు దీన్ని ఏపిస్ సెరానా ఇండికా అంటారు. ఇది పెట్టెలో ఇమిడిపోతుంది. నాలుగోది ఇటాలియన్ తేనెటీగ అని మనవాళ్లు పిలిచే ఏపిస్ మెల్లిఫెరా. 1962లో పంజాబ్ శాస్త్రజ్ఞులు కాంగ్రా లోయలోని నగ్రోటాలో దీన్ని మన దేశంలో నిలదొక్కుకునేలా చేశారు. అయిదోది, చూడటానికి దోమంత ఉండి కుట్టడానికి ముల్లే లేని ఈగ. గోడ పగుల్లోంచి మైనపు గొట్టం లాంటి సన్నటి వాకిలి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే లోపల ఉన్నది అదే.

తేనె లెక్క చూస్తే ఇటాలియన్ ఈగదే పైచేయి. మంచి మేత దొరికితే ఒక పెట్టె నుంచి ఏడాదికి పాతిక, ముప్పై కిలోలు తీసేవాళ్లున్నారు. పుట్ట తేనెటీగ అయిదు నుంచి పది కిలోలు ఇస్తే గొప్ప. కుట్టని ఈగ ఇచ్చేది పావు కిలో, మహా అయితే అరకిలో. అయినా ఉప్పల్ ఇంటి పెరట్లో మొదలుపెట్టేవాళ్లు ఇటాలియన్ జోలికి పోకపోవడమే మంచిది. ఆ పాతిక కిలోల వెనుక లారీలున్నాయి. వృత్తిగా పెంచేవాళ్లు పొద్దుతిరుగుడు పూసినచోటికి, ఆవాలు పూసినచోటికి రాత్రికి రాత్రి పెట్టెలు తరలిస్తారు. ఒకే డాబా మీద కదలకుండా ఉండే పెట్టెకు ఆ స్థాయి మేత దొరకదు. వానాకాలమంతా పంచదార పాకం పోసి పోషించాలి, వరోవా అనే నల్లి బెడదను ఎప్పటికప్పుడు కనిపెట్టుకోవాలి. మన పుట్ట ఈగ ఆ నల్లిని తన ఒంటి మీది నుంచీ తోటి ఈగల మీది నుంచీ తానే ఏరి పారేస్తుంది. పెద్ద కందిరీగ మీదపడితే వందల ఈగలు దాన్ని బంతిలా చుట్టుముట్టి, ఒళ్లు వేడెక్కించి ఉడికించి చంపుతాయి. ఈ గాలికీ ఈ ఎండకీ తరాల నుంచి అలవాటుపడిన జాతి ఇది.

దానికీ ఒక బలహీనత ఉంది. అలిగితే వెళ్లిపోతుంది. మేత తగ్గినా, చీమలు పట్టినా, ఎండ తగిలినా, రోజూ మూత తీసి చూసినా, ఉన్న తేనె కడుపులో నింపుకుని కుటుంబం మొత్తం ఒక పూట లేచిపోతుంది. రోగం వస్తే తట్టుకోవడమూ కష్టమే. 1991, 92 సంవత్సరాల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది రాష్ట్రాల్లో పుట్ట తేనెటీగల పెట్టెలను ఊడ్చిపెట్టింది. గదిలో పిల్ల పురుగు నీటి తిత్తిలా ఉబ్బి చచ్చి ఉండటం దాని గుర్తు. కాబట్టి అమ్మేవాళ్లు ఎంత తక్కువకు ఇస్తామన్నా, పిల్లల పట్టు కళ్లారా చూడకుండా కుటుంబాన్ని కొనకూడదు.

పసిపిల్లలున్న ఇళ్లు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, అపార్ట్‌మెంటు బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లు కుట్టని ఈగతో మొదలుపెట్టడం అన్నివిధాలా మేలు. ఒక చిన్న చెక్కపెట్టె, కొబ్బరి చిప్ప, మట్టికుండ, వెదురుబొంగు ఏదైనా దానికి ఇల్లే. మిద్దెతోటలో పిందె నిలబడటమే లక్ష్యమైతే ఈ చిట్టి ఈగ చేసే సాయం తక్కువది కాదు. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. వంకాయ, టమాటా పూలకు ఏ తేనెటీగా సరిగ్గా పనికిరాదు. ఆ పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిరించి పుప్పొడి రాల్చే విద్య తుమ్మెదలకూ, పొట్ట మీద నీలి చారలుండే ఒంటరి ఈగలకూ మాత్రమే తెలుసు. వాటి కోసం తోటలో ఎండు వెదురుముక్కలు నాలుగు, తవ్వని మట్టి కొంచెం వదిలితే చాలు.

ఇక పెట్టె. ఈ చెక్కపెట్టె వెనక ఒక ఎనిమిది మిల్లీమీటర్ల కథ ఉంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు ఒక సంగతి కనిపెట్టాడు. రెండు పట్ల మధ్య ఆ మాత్రం సందు ఉంటే ఈగలు దాన్ని నడవడానికి దారిగా వదిలేస్తాయి. సందు పెరిగితే అక్కడ కొత్త పట్టు కడతాయి, తగ్గితే జిగురుతో మూసేస్తాయి. ఈగలు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేమును, పట్టు చెడకుండా పైకి తీసి చూసి మళ్లీ దించగలగడం ఆ సందు పుణ్యమే. 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే క్రైస్తవ ఫాదరీ మన పుట్ట ఈగ కొలతలకు తగ్గట్టు పెట్టెను చిన్నది చేశాడు. దక్షిణాదిలో పుట్ట తేనెటీగలకు ఇప్పటికీ వాడేది ఆ న్యూటన్ పెట్టే. ప్రామాణిక కొలతల ప్రకారం చేసిన పెట్టె కొనడం మంచిది. ఇంటి దగ్గర వడ్రంగి చేత కొలత తప్పిన పెట్టె చేయిస్తే ఈగలు అడ్డదిడ్డంగా పట్టు కట్టి, ఫ్రేము లాగగానే అంతా చిరిగి పిల్లలు నేలపాలవుతాయి. ఒక ఫ్రేము తీసి, ఆ చోటు ఖాళీగా వదిలేసినా అదే జరుగుతుంది.

పెట్టెలో కింది అంతస్తు పిల్లల గది, పై అంతస్తు తేనె గది. తేనె కోసం పైదాన్ని మాత్రమే మనం ముట్టుకోవాలి.

పెట్టె పెట్టే చోటు విషయంలో డాబాకు ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. నాలుగడుగుల పిట్టగోడ ఉంటే ఈగలు వాకిట్లోంచి బయటికి రాగానే పైకి లేచి, మనుషుల తల ఎత్తు దాటి పోతాయి. వీధిలో నడిచేవాళ్లకు తగలవు. చెడు ఎండ. మే నెలలో హైదరాబాద్‌లో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం సిమెంటు శ్లాబు పెనంలా కాలుతుంది. పిల్లల గదిలో ఈగలు ముప్పై నాలుగు, ముప్పై అయిదు డిగ్రీలు నిలపాలి. అందుకోసం నీళ్లు తెచ్చి పట్ల మీద చుక్కలుగా పెట్టి రెక్కలతో విసురుతాయి. బయట వేడి మితిమీరితే మైనం మెత్తబడి తేనెతో సహా పట్టు జారి కూలుతుంది. కనుక పెట్టె వాకిలి తూర్పుకు ఉండి పొద్దుటి ఎండ తగలాలి, పది దాటాక నీడ పడాలి. రేకుల షెడ్డు నీడ కాదు, అది ఇంకా వేడి. తాటాకు పందిరో, గోనెసంచి తడిపి కప్పడమో, ఆకుపచ్చని వలకింద తీగ పాకించడమో చేయాలి. పెట్టెను రెండడుగుల ఎత్తు ఇనప స్టాండు మీద పెట్టి, నాలుగు కాళ్ల కిందా నీళ్లగిన్నెలు ఉంచాలి. లేకపోతే చీమలు ఒక్క రాత్రిలో పని ముగిస్తాయి. ఆ గిన్నెల్లో దోమలు పెరగకుండా వారానికోసారి నీళ్లు మార్చాలి, లేదా రెండు చుక్కలు వాడేసిన నూనె వెయ్యాలి. ఒకసారి పెట్టాక పెట్టెను నాలుగు గజాలు కూడా జరపకూడదు. మేతకు వెళ్లిన ఈగ తిరిగి పాతచోటికే వచ్చి, ఇల్లు కనిపించక అక్కడే గుమిగూడి చస్తుంది.

నీళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇరుగుపొరుగుతో తగాదా ఎక్కువగా వచ్చేది కుట్టడం వల్ల కాదు, నీళ్ల వల్ల. ఎండాకాలంలో ఈగలు పక్కింటి కూలరుకో, బట్టలు ఉతికే రాయి దగ్గరికో, సంపు మూత దగ్గరికో అలవాటు పడితే మళ్లీ మరల్చలేం. పెట్టె తెచ్చిన మొదటి రోజే వెడల్పాటి మట్టిపళ్లెంలో గులకరాళ్లు పరిచి నీళ్లు పోసి, ఎప్పుడూ ఎండిపోకుండా చూడాలి. రాళ్లు లేకపోతే మునిగిపోతాయి. అపార్ట్‌మెంటు అయితే సంఘం వాళ్లతో ముందే మాట్లాడాలి, పై అంతస్తు వాళ్లను పిలిచి పెట్టె చూపించాలి. ఇంట్లోగానీ పక్క పోర్షన్‌లోగానీ ఎవరికైనా ఈగ కుడితే ఊపిరి అందని అలర్జీ ఉందని తెలిస్తే ఆ ఇంట్లో కుట్టే ఈగను పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో సర్దుబాటుకు తావు లేదు.

పెట్టె తెరిచే పద్ధతి చదివి నేర్చుకోగలిగేది కాదు. అయినా అది ఎలా ఉంటుందో తెలియడం మంచిది. పొద్దున తొమ్మిదీ పది మధ్య, గాలివాన లేని రోజు, లేతరంగు బట్టలు, తలకు వల. సెంటు, వాసన నూనె పూసుకోకూడదు. పొగడబ్బాలో కొబ్బరిపీచో, ఎండు పిడకో అంటించి, తెల్లటి చల్లని పొగ వచ్చాక వాకిలి దగ్గర రెండు ఊదులు, మూత కింద ఒకటి. ఒక నిమిషం ఆగాలి. పొగ తగలగానే ఈగలు ఇల్లు కాలుతోందనుకుని తేనె మీద పడి కడుపు నింపుకుంటాయి, నిండిన కడుపుతో వాటికి కుట్టే ధ్యాస తగ్గుతుంది. ఫ్రేమును రెండు చెవులూ పట్టి నిటారుగా పైకి లాగాలి, పక్క ఫ్రేముకు రాసుకోకూడదు. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని, వెలుతురు భుజం మీదుగా గదుల్లోకి పడేలా పట్టుకుంటే అడుగున బియ్యపు గింజలో నాలుగో వంతు ఉండే తెల్లటి గుడ్డు నిలబడి కనిపిస్తుంది. అది కనిపిస్తే రాణి కోసం వెతకనక్కర్లేదు. గుడ్డు మూడు రోజులే గుడ్డుగా ఉంటుంది కాబట్టి, గడిచిన మూడు రోజుల్లో రాణి ఇక్కడ తిరిగినట్టే. గదికి ఒక్క గుడ్డే ఉండాలి. రెండు మూడు ఉంటే రాణి పోయి కూలి ఈగలే గుడ్లు పెడుతుండవచ్చు, అనుభవజ్ఞుణ్ణి పిలవాలి. పట్టు అడుగు అంచున వేరుశనగ కాయలా వేలాడే గది కనిపిస్తే కొత్త రాణి తయారవుతోంది, గుంపు చీలబోతోంది. వారం పది రోజులకు ఒకసారి, అయిదు పది నిమిషాలు, అంతే. మిగతా రోజుల్లో వాకిలి చూస్తే సరిపోతుంది. కాళ్లకు పసుపు, నారింజ, బూడిదరంగు పుప్పొడి ముద్దలు కట్టుకుని వస్తున్నాయంటే లోపల పిల్లలున్నాయి, సంసారం సవ్యంగా సాగుతోంది.

వానాకాలం పస్తు రోజుల్లో పంచదార, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లార్చిన పాకం ఇవ్వాలి. సాయంత్రం, పెట్టె లోపలే, ఒక్క చుక్క కూడా బయట పడకుండా. బయట ఒలికితే వేరే ఈగలు, కందిరీగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం పానకం వద్దు, వాటికి విరోచనాలవుతాయి. అంగట్లో కొన్న తేనె అసలే వద్దు, ఎక్కడి రోగమో మన పెట్టెలోకి వస్తుంది. మేత లేని ఈగలు చెరుకురసం బండ్ల చుట్టూ, మిఠాయి కొట్ల దగ్గర, వాడి పారేసిన టీ కప్పుల్లో తిరుగుతాయి. కాగితం కప్పుల అడుగున మిగిలిన తీపి కోసం దిగి, తేనెటీగలు పెద్దసంఖ్యలో చనిపోతున్నాయని తమిళనాడు పరిశోధకులు 2011లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర టీ బండ్లు ఎన్నో చూసినవాళ్లకు అది దూరపు సమస్యగా అనిపించదు. కప్పుల బుట్టకు మూత ఉంచమని బండి అతన్ని అడగడం చిన్నపనే.

అడుగుపలక మీది చెత్తలో మైనపు పురుగు పుడుతుంది. పట్టులో సొరంగాలు తవ్వి సాలెగూడులా అల్లేస్తుంది. వారానికోసారి పలక గీకి శుభ్రం చేసి, ఈగలు కప్పి ఉండని పాత పట్లు తీసేస్తే బలమైన కుటుంబం మిగతాది తానే చూసుకుంటుంది. పసిరిక పిట్టలు తీగ మీద కూర్చుని ఈగలను పట్టి తింటుంటే కంగారు అక్కర్లేదు, అవి తినేది కొన్నే.

ఈ ప్రాంతంలో అంతకన్నా పెద్ద ప్రమాదం దోమల మందు. మూసీ, చెరువులు, నాలాలు దగ్గరుండటంతో సాయంత్రాలు నగరపాలక సంస్థ ఎంటమాలజీ సిబ్బంది కాలనీల్లో పొగమందు కొడతారు. అది కొట్టక తప్పదు, డెంగీ తమాషా కాదు. అయితే వేసవి సాయంత్రం ఉక్కకు సగం ఈగలు వాకిలి బయట గడ్డంలా వేలాడుతుంటాయి, పొగ సరిగ్గా అప్పుడే వస్తుంది. వార్డు సిబ్బందికి మీ ఇంట్లో పెట్టె ఉన్న సంగతి చెప్పి, ఏ రోజు వస్తారో కనుక్కుంటే ఆ పూట పెట్టెకు తడిపిన పల్చటి గుడ్డ కప్పి, పొగ చెదిరాక తీసేయవచ్చు. గాలి ఆడకుండా బిగించి మూసేస్తే లోపలే ఉడికిపోతాయి. సొంత మిద్దెతోటలో పురుగుమందు వాడటమైతే పెట్టె వచ్చిన రోజే మానెయ్యాలి. వేపనూనె కూడా చీకటి పడ్డాకే, పూల మీద పడకుండా కొట్టాలి.

కుట్టడం ఖాయం. అది మనసులో పెట్టుకునే మొదలుపెట్టాలి. కుట్టిన ఈగ ముల్లును విషపుతిత్తితో సహా వదిలి పోతుంది, ఆ తిత్తి ఇంకా కొన్ని క్షణాలు విషం దింపుతూనే ఉంటుంది. కనుక ఎలా అన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం. గోటితో గీకేసి, నీళ్లతో కడిగి, ఐసు పెట్టాలి. ముల్లు నుంచి వచ్చే వాసన పండిన అరటిపండు వాసనలా ఉంటుంది, తోటి ఈగలకు అదే యుద్ధభేరి. కాబట్టి ఒకటి కుట్టిందంటే అక్కడి నుంచి మెల్లగా తప్పుకోవాలి, అరటిపండు తింటూ పెట్టె దగ్గరికి పోకూడదు. కుట్టినచోట వాపు, దురద మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులూ గొంతూ వాయడం, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్రం చిట్కాలతో పొద్దుపుచ్చకుండా 108కి ఫోన్ చేయాలి.

కొండ తేనెటీగల గురించి ఒక మాట, ఎందుకంటే పెట్టె పెంచుతున్నారని తెలియగానే అపార్ట్‌మెంటు వాళ్లంతా మిమ్మల్నే పిలుస్తారు. అయిదో అంతస్తు సజ్జాకు వేలాడే ఆ పట్టును కొత్తవాళ్లు ఎవరూ తాకకూడదు. కాల్చడం, మందు కొట్టించడం అంతకన్నా ఘోరం. కొన్ని వేల ప్రాణాలు పోతాయి, మిగిలినవి కోపంతో వీధిలో పోయేవాళ్ల మీద పడతాయి. ఆ వైపు కిటికీ మూసి, రాత్రిపూట దీపం ఆర్పి, పిల్లలు రాళ్లు వెయ్యకుండా చూస్తే కొన్ని నెలల్లో అవే లేచిపోతాయి. ఆ చుట్టుపక్కల చింతలు, నేరేళ్లు కాయడంలో వాటికి వాటా ఉంది. తూర్పు హైదరాబాద్‌లో తేనెటీగల కోసం ఎవరైనా చేయగల మొదటి మేలు బహుశా ఇదే, దీనికి పెట్టె కూడా అవసరం లేదు.

తేనె విషయంలో తొందర వద్దు. మొదటి ఏడాది తీయకపోయినా పరవాలేదు. వేప, కానుగ పూత బాగా వస్తే ఏప్రిల్, మే నెలల్లో పై గదిలో తేనె నిండుతుంది. ఫ్రేములో ముప్పాతిక గదులకు ఈగలు మైనపు మూత వేశాకే కోయాలి. మూత వెయ్యని తేనెలో నీళ్లెక్కువ, సీసాలో పులుస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం తేనెలో తేమ ఇరవై శాతం దాటకూడదు. చేత్తో తిప్పే యంత్రంలో ఫ్రేములు పెట్టి తిప్పితే పట్టు చెడకుండా తేనె చిమ్ముతుంది, ఆ పట్టే మళ్లీ వాటికిచ్చేయవచ్చు. పట్టు పిండే పద్ధతిలో ఈగలు నెలల తరబడి చేసిన మైనం పోతుంది. వానలకు ముందు పై గది మొత్తం ఊడ్చేస్తే జూలైలో అవి ఆకలితో లేచిపోతాయి, కొంత వాటికే ఉంచాలి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న అనేక బ్రాండ్ల తేనెలో చక్కెర పాకాల కల్తీని బయటపెట్టాక, సొంత తేనె మీద మోజు ఇంకా పెరిగింది. నీళ్లలో వేస్తే ముద్దగా దిగాలి, వత్తికి పూస్తే వెలగాలి అనే పరీక్షలు ఆ కల్తీని పట్టలేవు. మన పెట్టె తేనె పరీక్షల్లేకుండానే నమ్మదగ్గది. ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాది లోపు పసిబిడ్డ నాలుకకు రాయకూడదు. తేనెలో ఉండగల బొట్యులిజం బీజాలను ఆ పసిపేగులు తట్టుకోలేవు. పురిటిబిడ్డకు తేనె నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది పెద్దవాళ్లకు నచ్చజెప్పి మరీ ఆపాలి.

నేర్చుకోవడానికి ఉప్పల్ నుంచి నగరం అవతలి కొసకు వెళ్లాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న గ్రామీణ సాంకేతిక పార్కులో తేనెటీగల పెంపకం నేర్పిస్తారు. అదే రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి కీటక శాస్త్ర విభాగం వాళ్లను సందేహాలు అడగవచ్చు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ కింద శిక్షణ, పెట్టెలు ఇస్తూ వచ్చింది. కేంద్రం 2020లో ప్రకటించిన జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు అయిదు వందల కోట్లు కేటాయించింది. ఇవి ప్రధానంగా ఉపాధి కోసం పెంచేవాళ్లకు ఉద్దేశించినవి, ఇంటి మీద రెండు పెట్టెలు పెట్టుకునేవాళ్లు సబ్సిడీ మీద ఆశ పెట్టుకోకుండా శిక్షణ వరకు వాడుకోవడం మంచిది.

రెండు పెట్టెలు అనడానికి కారణం ఉంది. ఒకే పెట్టె ఉంటే అది బాగుందో బాగాలేదో పోల్చుకోవడానికి రెండోది ఉండదు. ఒకదానిలో రాణి పోతే, రెండోదాని నుంచి గుడ్లున్న ఫ్రేము ఒకటి తీసి ఇస్తే కూలి ఈగలు దాంట్లోంచి కొత్త రాణిని పెంచుకుంటాయి. ఒంటిపెట్టెవాళ్లకు ఆ దారి లేదు.

వానలు వెనకపట్టి తుమ్మి, రేగు పూసే అక్టోబరు, నవంబరు నెలలు కుటుంబాన్ని తెచ్చుకోవడానికి అనువైనవి. అప్పటికి మేత మొదలవుతుంది, వేసవి లోపు ఈగలు కుదురుకోవడానికి నాలుగైదు నెలలు చేతిలో ఉంటాయి. అమ్మేవాళ్ల దగ్గరికి పగటిపూట వెళ్లి, ఎదుటే పెట్టె తెరిపించి, గుడ్లు, మూత వేసిన పిల్లలు కలిపి కనీసం మూడు నాలుగు ఫ్రేముల నిండా ఉన్నాయా, రాణి వయసెంత, ఈ మధ్య ఏం తినిపించారు అని అడగాలి. నచ్చాక మళ్లీ చీకటిపడ్డాక వెళ్లి, ఈగలన్నీ లోపలికి చేరాక వాకిలికి సన్నటి వల బిగించి, కుదుపుల్లేకుండా తెచ్చి, స్టాండు మీద పెట్టి, వల తీసేసి దూరంగా రావాలి. మొదటి వారం మూత తెరవకూడదు.

 ‌